మద్దిచెట్టు, మడచెట్టు

మా యానాంలో కరివేపాకు చెట్టు లేని పెరడు తక్కువ. తొలకరి పడ్డాక ఆ చెట్టు ఆకుల మీద, పక్షి రెట్ట పడిందేమో అనిపించేలా, చిన్న చిన్న పురుగులు కనిపిస్తాయి. వారం తిరిగేసరికి అవే ఆకుపచ్చగా, చిటికెనవేలంత అవుతాయి. మా అమ్మమ్మ పొద్దున్నే పుల్ల పట్టుకుని వాటిని ఏరి గోడ అవతల పారేసేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు కాబోలు, ఆవిడ కంట పడకుండా ఒక పురుగును రెమ్మతో సహా గాజు సీసాలో దాచాను. కొన్నాళ్ళకు అది కదలడం మానేసి రెమ్మకు వేలాడింది. చచ్చిపోయిందనుకున్నాను. మరికొన్నాళ్ళకు, నల్లని రెక్కల మీద తెల్లని మచ్చల వరస ఉన్న సీతాకోకచిలుక సీసాలో కొట్టుకుంటూ కనిపించింది.

"ఇదెక్కడిదిరా?" అంది అమ్మమ్మ.

"నువ్వు రోజూ పారేస్తున్నదే," అన్నాను.

ఆవిడ కాసేపు చూసి, సీసా మూత తీసి వదిలేసింది. "సరే, ఆ గోడ వైపు రెండు కొమ్మలు దానికి వదిలెయ్యి. మిగతావి మనకి" అంది.

ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఆ రెండు కొమ్మల లెక్కే. ఒక చెట్టును పురుగూ మనిషీ పంచుకోవచ్చునా? ఆ పంపకం వల్ల చెట్టు నిలబడుతుందా? ఆ ప్రశ్నకు గోదావరి పై భాగంలో ఒక జవాబూ, సముద్రం దగ్గర ఇంకొక జవాబూ దొరికాయి నాకు. వాటికి ముందు మా ఊరి సంగతి కొంత చెప్పాలి.

బరంపురంలోనో, హోసూరులోనో, ఖరగ్‌పూర్‌లోనో ఉండి ఈ పత్రిక చదివేవారికి యానాం పరిస్థితి విడమరచి చెప్పనక్కరలేదు. ఇంట్లో మాట ఒకటి, ఏలుబడి మరొక చోటిది. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట ఉన్న 30 చదరపు కిలోమీటర్ల ఊరు మాది. చుట్టూ ఆంధ్రదేశమే. పరిపాలన మాత్రం 800 కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న పుదుచ్చేరిది. ఫ్రెంచివారు 1723లో ఇక్కడ అడుగుపెట్టి, లాభం లేదని కొన్నాళ్ళకు వదిలేసి, మళ్ళీ 1731లో వచ్చారు. 1954లో యానాం భారతదేశం చేతికి వచ్చింది. చట్టరీత్యా ఆ బదిలీ 1962లో పూర్తయింది.

ఫ్రెంచివారు ఇంత మారుమూలకు వచ్చింది దేనికోసం? గుడ్డ కోసం. గోదావరి డెల్టాలోని నేతగాళ్ళు నేసిన బట్ట కోసం. మా పక్కనే ఇంజరంలోనూ, నీలపల్లిలోనూ ఇంగ్లీషువారు, కాకినాడ దగ్గర జగన్నాథపురంలో డచ్చివారు కొట్లు పెట్టుకున్నదీ అందుకే. ఒక చదరంగపు బల్ల మీద కూర్చున్నట్టు ముగ్గురు దొరలూ కూతవేటు దూరాల్లో కూర్చుని మన మగ్గాల వైపు చూశారు.

గుడ్డ తర్వాత మా ప్రాంతం ఎరిగిన రెండో సరుకు కలప. యానాంకు ఆనుకుని ఉన్న కోరంగి ఒకప్పుడు పేరుమోసిన రేవు. అక్కడా, తాళ్ళరేవులోనూ ఓడలు కట్టేవారు. ఎగువ అడవుల్లో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీద వదిలేవారు. అవి రోజుల తరబడి దిగివచ్చేవి. ఆ రేవు నుంచి ఓడలెక్కిన మన వాళ్ళు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాడికి 'కోరంగీ' అనేదే పేరయిపోయింది. 1839 నవంబరు తుపానులో ఆ రేవు దెబ్బతిని మళ్ళీ మునుపటిలా లేవలేదు. ఊరి పేరు మాత్రం సముద్రం దాటి చాలాకాలం బతికింది.

నా చిన్నతనంలో గోదావరి అంటే నాకు ఈ చివరి మైళ్ళే. పై అడవి అంటే దుంగలు వచ్చిన చోటు. అక్కడ చెట్టును కొట్టకుండానే బట్ట తీసేవాళ్ళున్నారన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2015 జులైలో గోదావరి పుష్కరాలు వచ్చాయి. మా వైపు జనం గుమిగూడే రేవులు వదిలి, నదిని ఒకసారి పైన చూద్దామని కాళేశ్వరం వెళ్ళాను. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. స్నానం, దర్శనం అయ్యాక, తెలిసినవారొకరు మహదేవ్‌పూర్‌లో టస్సర్ చీరలు నేసే మగ్గాలు చూపించారు. తేనెరంగుకీ గోధుమరంగుకీ మధ్య ఉండే సహజమైన రంగు, ముట్టుకుంటే కాస్త గరుకు. మన వాళ్ళు దాన్ని దసలి పట్టు అంటారు. "ఈ పురుగు ఇంట్లో చాటల్లో పెరగదు, అడవిలో చెట్టు మీదే పెరుగుతుంది" అన్నారాయన. చూడాలన్నాను. నది దాటి చెన్నూరు వైపు తీసుకువెళ్ళారు.

ముసురు పడుతోంది. మద్దిచెట్ల తోపులో ఒకాయన తలమీద గోనె సంచి కప్పుకుని, చేతిలో వడిసెల పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు నాకు చెట్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆయన ఒక కొమ్మ వంచి చూపించాడు. ఆకుల మధ్య ఆకురంగులోనే, బొద్దుగా ఉన్న పురుగు ఆకు అంచును వరసగా కొరుకుతోంది. ఒకటి కనపడ్డాక వందలు కనపడ్డాయి. వాన చప్పుడు ఆగితే వాటి నమలడం వినిపిస్తుందని ఆయన చెప్పాడు.

చదివి తెలుసుకున్నదీ ఆయన చెప్పిందీ కలిపి క్లుప్తంగా చెబుతాను. దసలి పట్టుపురుగు మల్బరీ పట్టుపురుగుకు దూరపు చుట్టం. నల్లమద్ది, ఏరుమద్ది ఆకులు దీని మేత. ఆడది ఇన్నూరు గుడ్ల దాకా పెడుతుంది. వారం పదిరోజుల్లో పగిలి వచ్చిన పిల్ల పురుగులను చెట్టుకు ఎక్కిస్తారు. నాలుగుసార్లు కుబుసం విడిచి, అయిదో దశలో బాగా తిని, చివరకు రెమ్మకు గట్టి తొడిమ చుట్టి దానికి వేలాడే గూడు కట్టుకుంటుంది. చూడ్డానికి అచ్చంగా చెట్టు కాయే. అందుకే దాన్ని పట్టుకాయ అంటారు, లెక్క కూడా తూకంలో కాదు, వేలల్లో. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న రెమ్మలను తుంచి పక్క చెట్టుకు మారుస్తారు. ఆకు తిన్న చెట్టు మళ్ళీ చిగురుస్తుంది. గుడ్డు పగిలిన దగ్గర్నుంచి కాయ కోసేదాకా కాకులు, చీమలు, కందిరీగలు, గాలివాన, ఇన్నిటి నుంచి కాయాలి. పగలంతా తోపులోనే. జూన్ నుంచి జనవరి లోపల మూడు తరాలు నడిచే జాతి అక్కడిది. దాని పేరు శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో 'ఆంధ్ర లోకల్'. రాష్ట్రం 2014లో విడిపోయింది, ఆ తోపులు తెలంగాణలో ఉన్నాయి. పురుగు పేరు మాత్రం మారలేదు.

"అన్నా, వంటచెరకుకి ఈ చెట్లు ఎవరూ కొట్టరా?" అని అడిగాను.

"కొట్టనిస్తమా సారు? చెట్టు పోతే పురుగు ఏం తినాలె, మేమేం తినాలె?" అన్నాడాయన. ఆ తర్వాత, కాస్త ఆగి, "చెట్టు సర్కారుది. పురుగు మాది. కాపలా మాత్రం రెండిటికీ మాదే" అన్నాడు.

ఆ మాటలో కష్టం ఉంది, హక్కు గురించిన అడగని ప్రశ్న కూడా ఉంది. అడవి శాఖ మనిషి నెలకొకసారి వస్తాడేమో. ఈయన కాయ కోసేదాకా రోజూ ఆ చెట్ల కింద నిలబడతాడు. ఎవరి కాపలా గట్టిదో చెప్పనక్కరలేదు.

మా ఊరి పాత దొరలకు కూడా ఈ కథలో ఒక పాత్ర ఉంది. 19వ శతాబ్దం నడుమ ఫ్రాన్సు పట్టుపురుగులకు పెబ్రిన్ అనే తెగులు తగిలి ఆ పరిశ్రమ కూలిపోతుంటే, లూయీ పాశ్చర్‌ను పంపారు. 1865 నుంచి అయిదేళ్ళపాటు ఆలెస్ పట్టణం దగ్గర ఆయన దాని వెంట పడ్డాడు. గుడ్లు పెట్టిన తల్లిని నూరి సూక్ష్మదర్శిని కింద చూడాలి. తెగులు కనిపిస్తే ఆ తల్లి గుడ్లన్నీ కాల్చెయ్యాలి. ఇదీ ఆయన కనిపెట్టిన ఉపాయం. దసలి గుడ్ల కేంద్రాల్లో ఈనాటికీ చేసే పరీక్ష అదే. పాశ్చర్ పేరు వినని తోపు కాపరి కూడా ఆ పరీక్ష నెగ్గిన గుడ్లనే నమ్ముకుంటాడు.

ఒక నిజం దాచకూడదు. అమ్మకానికి పోయే కాయలో పురుగు బతకదు. రెక్కలు వచ్చి అది తొలుచుకు బయటికి వస్తే దారం తెగిపోతుంది కనుక, ముందే ఆవిరికో ఎండకో చంపుతారు. విత్తనానికి ఎంచి దండలుగా గుచ్చి వేలాడదీసిన కాయల్లోంచే రెక్కల పురుగులు వస్తాయి. రెక్క రెక్కకూ అద్దం తునక పొదిగినట్టు ఒక కన్ను, అరచేతికి మించిన వెడల్పు. వాటికి తినడానికి నోరు ఉండదు. జతకట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో రాలిపోతాయి. శాస్త్రం వీటిని సీతాకోకచిలుకలు అనదు, రాత్రిపూట ఎగిరే దాయాదులంటుంది. కానీ కోక అంటే చీర కదా. చీర పేరు పెట్టుకున్న చిలుక ఒకటైతే, చీర ఇచ్చే చిలుక ఇది.

తిరిగివచ్చాక నేను ఈ విషయం మీద పుస్తకాలు తిరగేస్తుంటే, నిజం సీతాకోకచిలుకలనే పంటగా పెంచే ఊళ్ళు కనిపించాయి. పాపువా న్యూ గినీలో 1978లో బులోలో అనే చోట ప్రభుత్వం ఒక సంస్థ పెట్టింది. అక్కడి పల్లెవాళ్ళు అడవి అంచున, మన ఈశ్వరి తీగ జాతికే చెందిన తీగలను నాటుతారు. అడవిలోంచి పక్షి రెక్కలంత రెక్కలున్న సీతాకోకచిలుకలు వచ్చి గుడ్లు పెట్టిపోతాయి. పురుగు ఎదిగి గూడు కట్టాక కొన్నిటిని తీసి అమ్ముతారు, కొన్నిటిని ఎగరనిస్తారు. అడవి లేకపోతే తల్లులు రావు. తల్లులు రాకపోతే తీగ వట్టి తీగే.

కెన్యా సముద్రతీరంలో అరబుకో-సొకొకే అనే అడవి ఉంది. దాని పక్కన గెడె దగ్గర 1993లో 'కిపెపెయో' అనే పథకం మొదలైంది. స్వాహిలీ భాషలో ఆ మాటకు సీతాకోకచిలుక అనే అర్థం. అంతకుముందు ఆ చుట్టుపక్కల రైతుల్లో ఎక్కువమంది ఆ అడవిని కొట్టేసి తమకు పంచమని కోరినవాళ్ళే. ఏనుగులు పంట తొక్కుతాయి, కోతులు మొక్కజొన్న తింటాయి. అడవి వల్ల వాళ్ళకు ఒరిగిందేమిటి? వాళ్ళకు సీతాకోకల గుడ్లు పట్టడం, పురుగులు పెంచడం నేర్పారు. ఎదిగిన ప్యూపాలను దూదిలో చుట్టి విమానంలో ఐరోపాకూ అమెరికాకూ పంపుతారు. అక్కడ అద్దాల తోటల్లో అవి రెక్కలు విప్పుతాయి. ప్యూపా దశ కొద్ది రోజులే కనుక అంతా పరుగు మీద జరగాలి. కొన్నేళ్ళకు ఆ రైతుల మాట మారింది. అడవి ఉండాలనేవాళ్ళు పెరిగారు.

ఇది చదివి నేను సంబరపడ్డమాట నిజమే. తర్వాత పక్కదేశం సంగతి చదివాను. టాంజానియాలో తూర్పు ఉసాంబారా కొండల వర్షారణ్యం దగ్గర, అమాని అనే చోట, ఇలాంటి పథకమే మంచి పేరు తెచ్చుకుంది. 2016లో ఆ దేశ ప్రభుత్వం బతికున్న వన్యప్రాణుల ఎగుమతి మొత్తం నిషేధించింది. ఏనుగుకీ సీతాకోకకీ ఒకటే ఆజ్ఞ. పల్లెల్లో పెంచిన ప్యూపాలు కొనేవాళ్ళు లేక మిగిలిపోయాయి. ఎక్కడో దూరాన ఉన్న అద్దాల తోట మీద, ఎక్కడో పట్నంలో సంతకమయ్యే కాగితం మీద ఆధారపడిన బతుకు అలాగే ఉంటుంది.

మన దేశంలో ఆ దారి లేనే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చాలా సీతాకోకచిలుకలు రక్షిత జాతులు. వాటిని పట్టడం, అమ్మడం నేరం. బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలో 2006లో తెరిచిన ఉద్యానం లాంటివి చూడ్డానికే. దొంగతనంగా పట్టి అమ్మేవాళ్ళున్న లోకంలో ఆ చట్టం ఉండటమే మేలని నా అభిప్రాయం. కానీ మనకు అడవిపురుగు మీద బతికే విద్య లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. దసలి ఉంది. కొనేవాడు దూరదేశంలో కాదు, నదికి అటు ఒడ్డునే మగ్గం మీద ఉన్నాడు. కెన్యా 1993లో నేర్చుకున్న పాఠాన్ని చెన్నూరు తోపులవాళ్ళు ఎవరూ నేర్పకుండానే తాత ముత్తాతల దగ్గర నేర్చుకున్నారు.

ఇక నది దిగి మా ఊరికి వస్తాను. మాకు వర్షారణ్యం లేదు, మద్ది తోపులు లేవు. మాకున్నది మడ అడవి. ఉప్పునీటిలో నిలబడి, బురదలోంచి వేళ్ళు పైకి చాచి ఊపిరి పీల్చే మడ, తిల్ల, ఉప్పుపొన్న చెట్లు. 1978లో 235 చదరపు కిలోమీటర్ల మేర దాన్ని కోరంగి అభయారణ్యం చేశారు. పుల్లలు ఏరుకునేవాళ్ళు, గొడ్లు తోలేవాళ్ళు, పీతలు పట్టేవాళ్ళు ఒక్కరోజులో తప్పు చేసేవాళ్ళయిపోయారు. ఆ పక్కనే, 1990ల మొదట్లో, డబ్బున్నవాళ్ళు రొయ్యల చెరువులు తవ్వితే అడిగినవాడు లేడు. మడచెట్టు కొట్టిన పేదవాడి కత్తి కనపడింది కానీ, మడ నేలలు మింగిన పొక్లెయినర్ కనపడలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా మీదుగానే పోయింది. వెయ్యి మందికి పైగా పోయారు; వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు వాళ్ళలో ఎందరో. తెల్లారి గౌతమి ఒడ్డున నిలబడినవాళ్ళం ఎవరమూ మాట్లాడుకోలేదు. నెల తిరిగాక, డిసెంబరు 11న, తీరప్రాంతంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అప్పటికి చాలామందికి మడచెట్టు అంటే వంటచెరకు కాదనీ, సముద్రానికీ ఊరికీ మధ్య నిలబడిన మనిషి లాంటిదనీ అర్థమైంది. 2004 సునామీ ఆ మాటను మళ్ళీ గుర్తుచేసింది.

ఆ రోజుల్లోనే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారూ అటవీ శాఖవారూ మట్లపాలెం వంటి పల్లెల్లో జనంతో కమిటీలు వేయించి, చచ్చిపోయిన మడ నేలలను మళ్ళీ పచ్చగా చేసే పని మొదలుపెట్టారు. పద్ధతి చాలా తేలిక. చేపముల్లు ఆకారంలో, నడుమ ఒక కాలువ, దానికి ఏటవాలుగా పక్క కాలువలు తవ్వుతారు. పోటుకు నీరెక్కుతుంది, పాటుకు దిగుతుంది. నేలలో పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. అప్పుడు నాటిన మొక్క బతుకుతుంది. తవ్వినవాళ్ళూ నాటినవాళ్ళూ ఆ ఊళ్ళవాళ్ళే. పీత, రొయ్యపిల్ల, చేపపిల్ల ఆ వేళ్ళ మధ్యే పెరుగుతాయని వాళ్ళకు ఒకరు చెప్పాలా? కోరంగిలో ఇప్పుడు మడచెట్ల మధ్య చెక్కబాట ఉంది, పడవలున్నాయి. అక్కడ ఊరివాళ్ళే దారి చూపుతారు. ఆ బాట మీద నడుస్తూ, మడ పూల మీద తేనెటీగల పక్కన ఒక సీతాకోకచిలుక వాలడం చూసి నేను ఆగిపోయాను. మా చెట్టుకు చీరలు నేయడం రాదు. అయినా మద్దికీ మడకీ లెక్క ఒకటే: కొడితే ఒక్కపూట, నిలబెడితే ఏటేటా.

అయితే ఆ లెక్క తనంతట తాను నడవదు. విత్తనం శుభ్రంగా ఉండాలి. కాయకు ధర ఉండాలి. అన్నిటికంటే ముందు, కాపలా కాసేవాడికి ఆ చెట్టు కింద నిలబడే హక్కు ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఆ మాట కాగితం మీద పెట్టింది. తోపుదాకా అది ఎంత చేరిందో అక్కడి మనుషుల్ని అడిగితేనే తెలుస్తుంది. నేను చూసిన కాపరికి ఇద్దరు కొడుకులు. ఒకడు హైదరాబాదులో డ్రైవరు, ఇంకొకడు మంచిర్యాలలో దుకాణంలో పని. "ఈ ముసుర్ల ఎవలు నిలబడ్తరు సారు?" అన్నాడు, తప్పు పట్టినట్టు కాదు, మామూలుగానే. ఆయన తర్వాత ఆ తోపుకు కాపలా ఎవరన్నది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మనిషి పోయాక విద్య పోతుంది. విద్య పోయాక చెట్టు వంటచెరకవుతుంది. అడవి పోయే పద్ధతి చాలాచోట్ల ఇదే.

వచ్చేటప్పుడు ఆయన ఒక పాత కాయ నా చేతిలో పెట్టాడు. కిందటి పంటలో పురుగు తొలుచుకుని ఎగిరిపోగా మిగిలినది. గట్టి తొడిమ, పైన చిన్న కంత. ఇప్పుడది మా ఇంట్లో పుస్తకాల అలమరలో ఉంది. పిల్లలు దాన్ని అడవి కాయ అనుకుని లోపల గింజ కోసం ఊపి చూస్తారు. కాదర్రా అని నేను మొదటినుంచీ చెబుతాను: నది పేరు, చెట్టు పేరు, పురుగు పేరు, దసలి అనే మాట. విన్నాక వాళ్ళలో ఒకరు పెరట్లోకి పరిగెత్తి కరివేపాకు చెట్టు చూసి వచ్చారు.

గోడ వైపు రెండు కొమ్మలు ఇప్పటికీ మేము కోయం.